తుమ్మలగుట్ల సీనియారిటీ

ఊళ్ళకు కూడా సీనియారిటీ లిస్టు వెయ్యాలన్న ఆలోచన ఎవరికి పుట్టిందో ఇప్పుడు ఎవరూ ఒప్పుకోవడం లేదు గాని, పుట్టిన రోజున మాత్రం సెక్రటేరియట్‌లో అందరూ మిఠాయి పంచుకున్నారు.

సంగతేమిటంటే, ప్రతి ఊరూ తానే పాతదాన్నంటోంది. పాతదాన్ని గనక ఎక్స్‌ప్రెస్ బస్సు తన దగ్గరే ఆగాలంటోంది. ఒక ఊళ్ళో ఆపితే పక్క ఊరివాళ్ళు రోడ్డుకు అడ్డంగా పడుకుంటున్నారు. కాబట్టి ఏ ఊరు పాతదో శాస్త్రీయంగా తేల్చడానికి ప్రభుత్వం వారు ప్రాచీనతా నిర్ధారణ మండలి అని ఒకటి పెట్టి, జీవితమంతా సర్వీసు రూల్సు చూసి రిటైరైన రాజేశ్వరప్రసాదం గారిని దానికి అధ్యక్షుణ్ణి చేశారు. ఆయనకు చరిత్ర తెలియదు కదా అని ఎవరో గొణిగారట. "చరిత్ర తెలిసినవాళ్ళు ఇద్దరు చేరితే మూడు తేదీలు చెబుతారు. రూలు తెలిసినవాడు ఒక్కడు చాలు" అని మంత్రిగారు ఆ గొణుగుడు అక్కడికి ఆపేశారు.

మేడూరి జగన్నాయకులు ఆ మండలిలో శాసన పరిశోధకుడు. రాతి మీద అక్షరం చూసి అది ఏ శతాబ్దానిదో చెప్పగలడు. ఎదురుగా ఉన్న పై అధికారి మొహం చూసి ఆయనకు ఏం కావాలో మాత్రం చెప్పలేడు. ఈ రెండో విద్య రాకనే ఆయన ఇన్నేళ్ళుగా ఒకే కుర్చీలో కూర్చున్నాడని ఆయన భార్య సుభద్ర అభిప్రాయం. కుర్చీకి ఒకసారి నవారు మార్చారు గదా అని ఆయన సమాధానం.

మండలి మొదటి సమావేశంలోనే రాజేశ్వరప్రసాదం గారు విధానం ప్రకటించారు.

"మనిషైనా ఊరైనా సర్వీసు సర్వీసే. కావున ప్రతి ఊరికీ ఒక సర్వీసు రిజిస్టరు తెరవాలి. ఎవరి దరఖాస్తు ముందు అందితే వారు సీనియరు. ఆపైన వయసు ఎంతని నిర్ణయించేటప్పుడు రూల్సుకు లోబడి, సానుభూతితో పరిశీలించాలి."

"వయసును సానుభూతితో ఎలా పరిశీలిస్తామండీ?" అన్నాడు జగన్నాయకులు.

"అడిగినంత ఇవ్వడం" అన్నారు అధ్యక్షులవారు.

అందరికంటే ముందు దరఖాస్తు పెట్టుకున్న ఊరు తుమ్మలగుట్ల. ఆ ఊరి పురప్రముఖుల సంఘానికి అధ్యక్షుడు పోలిశెట్టి కోటిలింగం. ఆయనకు పత్తి మిల్లు ఉంది, పెద్ద గొంతుంది. ఊరి బయట బాటపక్కన ఒక దిగుడుబావి ఉంది. అరణ్యవాసంలో ద్రౌపదికి దాహం వేస్తే భీముడు గద దిగ్గొట్టాడని, అక్కడ పడ్డ గుంటే ఈ బావి అని ఊళ్ళో చెప్పుకుంటారు. మండలివారు వెళ్ళి బావి పక్కన తవ్వించారు. రెండు కుండపెంకులు, తుప్పుపట్టిన ఇనుపముక్క ఒకటీ దొరికాయి. జగన్నాయకులు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఒంటెద్దు బండి ఇరుసు అన్నాడు. రికార్డులో మాత్రం అది గదాఖండం అని ఎక్కింది. ఇరుసైతే బండి ఏదీ అని ఆయనను అడిగారు. గదైతే భీముడేడీ అని ఆయనకు తిరిగి అడగాలని ఇంటికొచ్చి అన్నం తింటుండగా తోచింది.

అలా తుమ్మలగుట్లకు ద్వాపరయుగం మంజూరైంది.

జగన్నాయకులు దీన్ని కూడా మింగేసేవాడే. కథలు కథలుగా ఉంటే ఆయనకేమీ కష్టం లేదు. చిన్నప్పుడు తాత ఒళ్ళో భీముడి కథలు విన్నవాడే. కాని ఆ బావి భీముడు తవ్వింది కాదని ఆయనకు తెలుసు. ఎవరు తవ్వించారో కూడా తెలుసు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆ బావి మెట్ల మీద ఆడవాళ్ళు బట్టలుతుకుతున్న రాతిబండను ఆయన తిరగేయించి చూశాడు. దాని అడుగున తెలుగు శాసనం ఉంది. శకవర్షంబులు 1191 అగు శుక్ల సంవత్సరాన, అంటే మన లెక్కన 1269లో, మాచసాని అనే ఆవిడ తన కొడుకు పోతడు చిన్నతనంలోనే పోగా, ఆ దుఃఖాన బాటసారుల దప్పిక తీరడానికి ఈ బావి తవ్వించింది. ఈ నీళ్ళు తాగినవాళ్ళు మా పోతని పేరు ఒక్కమారు తలచుకోండి అని చివర రాయించింది. ఆమె రాణి కాదు, ఎవరి రాణీవాసమూ కాదు. ఆమె గురించి ప్రపంచంలో మిగిలింది ఆ రాయి ఒక్కటే. ఎన్ని వందల ఏళ్ళుగా ఎంతమంది ఆ నీళ్ళు తాగారో, ఆ పేరు ఎవరూ తలవలేదు. చదివేవాళ్ళు లేరు గదా. జగన్నాయకులు ఆనాడు దోసిలి పట్టి తాగి, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని, "పోతడు" అన్నాడు. కళ్ళు తడిశాయి. ఆ రాయిని బావిగోడలో నిలబెట్టించి వచ్చాడు. ఆయన చేసిన పనుల్లో ఆయనకు నచ్చిన పని అదొక్కటే.

కాబట్టి ఒక అభ్యంతరం రాసి అధ్యక్షులవారికి పంపాడు. విచారణకు పిలిచారు. కోటిలింగం కూడా వచ్చాడు.

"ఏంది సారూ, మా వూరికి భీముడొచ్చినాడంటే నీకొచ్చిన నష్టమేంది?" అన్నాడు కోటిలింగం.

"నాకేం నష్టం లేదండీ. మాచసానికి నష్టం."

"ఆమె యెవురు? మా వోటర్ల లిస్టులో యాడా లేదే!"

రాజేశ్వరప్రసాదం గారు చెయ్యెత్తి ఇద్దరినీ ఆపారు. "చూడండి జగన్నాయకులు గారూ. మీ రాయి చెప్పేది తేదీ. మేము నిర్ణయించేది సీనియారిటీ. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే పరిపాలన కుంటుపడుతుంది."

అంతటితో పోయేదే, కంచరవేడు లేకపోతే. కంచరవేడు తుమ్మలగుట్లకు ఆరుమైళ్ళలో ఉంది. అక్కడి గుట్టమీద బండకు పసుపుపచ్చని చార ఉంది. వనవాసంలో సీతమ్మవారు చీర ఆరేసుకున్న జాడ అది. మండలివారు ఆ చారను సానుభూతితో పరిశీలించి త్రేతాయుగం ఇచ్చేశారు. మర్నాడే కోటిలింగం మిల్లు మూసి వచ్చి పడ్డాడు.

"మా తరవాత దరకాస్తు పెట్టినోళ్ళకు మాకన్నా పెద్ద యుగమా? ఇదేం నాయం?"

రాజేశ్వరప్రసాదం గారి మొహం దీపావళి అయింది. ఇది ఆయన సొంత గడ్డ. జూనియరుకు జీతం ఎక్కువైతే సీనియరు జీతాన్ని కూడా అంతకు ఎత్తాలని రూలుంది. దాన్ని స్టెప్పింగ్ అప్ అంటారు. ఆ రూలు కింద తుమ్మలగుట్లను, ఏ సాక్ష్యమూ అడగకుండా, ఒక్క సంతకంతో త్రేతాయుగానికి ఎత్తారు.

కంచరవేడు ఊరుకుంటుందా? గుట్ట వెనక మరో గుంట చూపించి వామనుడి అడుగు అన్నారు. తుమ్మలగుట్లను వామనుడికెత్తారు. కంచరవేడు వాళ్ళు చీలిన బండ చూపి నరసింహస్వామి అన్నారు. తుమ్మలగుట్ల ఇంట్లో కూర్చునే నరసింహస్వామి దాకా పోయింది. వరాహం వచ్చింది, కూర్మం వచ్చింది. కంచరవేడులో మగాళ్ళందరూ పలుగులు పట్టుకుని గుట్టలో ఉండేవారు; తుమ్మలగుట్లలో మగాళ్ళు అరుగుల మీద పేకాడుకుంటూ ఇవాళ ఎంత పెరిగామని అడిగేవారు. ఈలోగా తాత్కాలిక ఏర్పాటు కింద బస్సును రెండు ఊళ్ళకూ నడుమ మిరపచేలో ఆపుతున్నారు.

మత్స్యావతారం దగ్గర జగన్నాయకులు మళ్ళీ లేచాడు. "అప్పటికి లోకమంతా నీళ్ళే కదండీ. ఊరెక్కడుంటుంది?"

రాజేశ్వరప్రసాదం గారు కలం కొరికారు. తరవాత తేలిగ్గా ఊపిరి వదిలి, "ముంపు గ్రామం అని రాసుకోండి" అన్నారు.

చివరికి కంచరవేడు వాళ్ళు తమ ఊరు సృష్టికి ముందే ఉందన్నారు. సృష్టికి ముందు ఊరు ఏ స్థితిలో ఉన్నట్టు అని జగన్నాయకులు లిఖితపూర్వకంగా అడిగాడు. ప్రొబేషనులో ఉన్నట్టు అని లిఖితపూర్వకంగా జవాబొచ్చింది. దాంతోపాటు తుమ్మలగుట్ల కూడా ప్రొబేషనులోకి ఎక్కింది. ఇంక వెనక్కి పోవడానికి కాలమే లేదు గనక తుది జాబితా ప్రకటించారు. ముందు దరఖాస్తు పెట్టిన తుమ్మలగుట్ల మొదటి స్థానం. ఎక్స్‌ప్రెస్ బస్సు అక్కడ ఆగింది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు కూడా తరలివచ్చింది.

అప్పుడు రాజేశ్వరప్రసాదం గారి కళ్ళు రాయి మీద పడ్డాయి.

సృష్టికి ముందరి ఊళ్ళో, వచ్చే పోయే వాళ్ళంతా చూసేచోట, 1191 అని ఒక రాయి నిలబడి ఉంది. ఉద్యోగి రికార్డులో మచ్చ ఉంటే దాన్ని అడ్వర్స్ రిమార్కు అంటారు. అది అన్యాయమని తేలితే చెరిపెయ్యాలి. ఆ మచ్చ వేసినది మాచసాని గనక, ఎందుకు చెరపకూడదో చెప్పుకోవలసిందిగా ఆమె పేర నోటీసు పంపారు. ఆ పేరుగలవారు ఊళ్ళో లేరని పోస్టుమాన్ రాసి తిప్పిపంపాడు. రూలు ప్రకారం నోటీసును బావిగోడకు అంటించారు. గడువు దాటాక రాతిపనివాణ్ణి పెట్టి అక్షరాలు ఉలితో చెరిపించేయమని ఉత్తరువు తయారైంది.

ఆ నోటీసు మీది విచారణలో మాచసాని తరఫున ఎవరైనా ఉన్నారా అని బంట్రోతు మూడుసార్లు పిలిచాడు. జగన్నాయకులు లేచి నిలబడ్డాడు.

"మీరు ఆమెకేమవుతారు?" అన్నారు అధ్యక్షులవారు.

ఈ ప్రశ్న ఆయన అనుకోలేదు. ఏమవుతాడు? ఆమె కులం వేరయి ఉండవచ్చు. ఆమె వంశం ఏమైందో తెలియదు. వంశమే లేదు, ఉన్న ఒక్కడూ పోయాడనే గదా బావి తవ్వించింది.

"ఆ బావి నీళ్ళు తాగినవాణ్ణండీ" అన్నాడు.

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజేశ్వరప్రసాదం గారు నవ్వలేదు. ఆయన ఎప్పుడూ నవ్వరు. "నీళ్ళు తాగినవారికి వారసత్వం సంక్రమించదు. తాశీల్దారు గారి నుంచి వారసత్వ ధ్రువపత్రం తెచ్చుకోండి. అందాక వాయిదా" అన్నారు.

ఇంటికెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. సుభద్ర మజ్జిగ తెచ్చి పక్కన పెట్టింది.

"ఆ పిల్లాడి పేరేమిటన్నారూ?"

"పోతడు."

"వాళ్ళమ్మ కోసం మీరింత ఏడుస్తున్నారు, బాగానే ఉంది. కాని మీరు రాళ్ళమీదివన్నీ చదువుతారు గదా, ఆ ప్రసాదం గారి రూల్సు పుస్తకం ఒక్కసారి చదవకూడదూ? శత్రువు భాష రాకుండా యుద్ధానికి పోతారా ఎవరైనా?"

జగన్నాయకులు చదవడం మొదలుపెట్టాడు. శాసనాల కంటే కష్టంగా ఉంది. శాసనాల్లో కనీసం చివర ఎవరో ఒకరు దానమిస్తారు.

ఆయన చదువు సగంలో ఉండగానే ఆడిట్ వారు దిగారు. వాళ్ళూ రూల్సు పుస్తకం చదివినవాళ్ళే. కాకపోతే మరో పేజీ చదివారు. అరవై దాటిన తరవాత ఎవరూ సర్వీసులో ఉండరాదు. తుమ్మలగుట్ల, కంచరవేడు సర్వీసు రిజిస్టర్లు చూడగా రెంటి వయసూ సృష్టి కంటే ఎక్కువ ఉంది. ఇన్నాళ్ళు ఎలా కొనసాగించారు? బాధ్యులెవరు? వెంటనే పదవీ విరమణ చేయించి తెలియజేయండి.

రూలును రాజేశ్వరప్రసాదం గారు ఎదిరించరు. తుమ్మలగుట్లకు వీడ్కోలు సభ జరిగింది. పొలిమేరలో ఊరిపేరు రాసిన బోర్డుకు శాలువా కప్పి గంధం పూసి పూలదండ వేశారు. "తుమ్మలగుట్ల అందరితో కలుపుగోలుగా మసలుకుంటూ, ఏనాడూ క్రమశిక్షణ తప్పక, సుదీర్ఘకాలం సేవలందించినది. దాని విశ్రాంత జీవితం మనవలతో, మనవరాళ్ళతో ఆహ్లాదంగా గడవాలని ఆకాంక్షిస్తున్నాను" అని అధ్యక్షులవారు గద్గదంగా ప్రసంగించారు. ఊరివాళ్ళకు అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టారు, తరవాత పులిహోర ఉంది గనక.

మర్నాడు పొద్దున బస్సు ఆగకుండా పోయింది. సబ్ రిజిస్ట్రార్ బీరువాలు ఎత్తించుకుని పోయాడు. చీకటి పడితే వీధిదీపాలు వెలగలేదు. ఫోను చేసి అడిగితే, రిటైరైనవాళ్ళు పెందలాడే పడుకోవాలని కరెంటాఫీసు వారు హితవు చెప్పారు.

ఆ ఆదివారం కోటిలింగం అరటిగెల మోయించుకుని జగన్నాయకులు ఇంటికొచ్చాడు. ముఖం పీక్కుపోయింది.

"సారూ, తప్పైపోయింది. మా వూరి వయసు తగ్గించాల. నువ్వైతేనే చెయ్యగలవంట."

ఒక తేదీ కోసం ఒక మనిషి ఆయన గడప తొక్కడం అదే మొదలు. లోపలికి పరుగెత్తి శాసనం అచ్చు తెచ్చి నేలమీద పరిచాడు. "చూడండి. ఇది తిరుగులేని సాక్ష్యం. బావి వయసు ఏడువందల యాభై పైచిలుకు. అంతే!"

కోటిలింగం వేళ్ళు మడిచి చూసుకుని నెత్తి కొట్టుకున్నాడు. "అదీ ఎక్కవే గదయ్యా! అరవై లోపల గావాల. మా నాయన బళ్ళో ఏసేటప్పుడు నాకు నాలుగేళ్ళు తగ్గించి రాయించినాడు, ఎంత హాయిగా జరిగిపోయింది! వూరికి ఆ మాత్రం చెయ్యలేవా?"

"చెయ్యలేనండీ."

"అయితే గెల తీసుకుపోతన్నా" అన్నాడు కోటిలింగం. నిజంగానే తీసుకుపోయాడు.

ఆయన పని మరోచోట అయింది. ఊళ్ళో రిటైరైన హెడ్మాస్టరు గారు మండలి ముందుకొచ్చి సాక్ష్యమిచ్చారు. తన హయాంలో బళ్ళో చేరిన ప్రతి పిల్లవాడికీ పుట్టిన తేదీ జూలై ఒకటి అనే రాశాననీ, ఊరు కూడా ఆ తేదీనే పుట్టిందని తన గట్టి నమ్మకమనీ చెప్పారు. తుమ్మలగుట్ల పుట్టిన తేదీని 1970 జూలై ఒకటిగా సవరించారు. పేకాడే ముసలాళ్ళు ఊరికంటే ముందే పుట్టినట్టు తేలింది. వాళ్ళు బయటినుంచి వలస వచ్చారని రాసుకున్నారు. బస్సు మళ్ళీ ఆగింది.

రాయి మాత్రం అక్కడే ఉంది, 1191 అంటూ.

"ఈ రాయి గతంలో ఊరి వయసు తగ్గించి చూపింది" అన్నారు రాజేశ్వరప్రసాదం గారు తుది విచారణలో. "ఇప్పుడు పెంచి చూపుతోంది. దీనికి బొత్తిగా నిలకడ లేదు. ఇటువంటిదాన్ని సర్వీసులో ఉంచలేము. అక్షరాలు చెరిపించేయవలసిందే."

కోటిలింగం తలూపాడు. రాతిపనివాడికి కబురు ముందే వెళ్ళింది.

జగన్నాయకులు లేచాడు. సాక్ష్యాల గురించి, సత్యం గురించి ఒక ఉపన్యాసం గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగాడు. చేదుగా దిగింది.

"అధ్యక్షా, ఇది డిస్మిసల్ అవుతుందండీ. పూర్తి ఎంక్వైరీ లేకుండా డిస్మిస్ చెయ్యడం రూలుకు విరుద్ధం. ముందు సస్పెండ్ చేసి, ఎంక్వైరీ వెయ్యాలి. అది తేలేదాకా రాయికి ఎటువంటి హానీ జరగకూడదు. జరిగితే ఆడిట్ వారు అడుగుతారు."

రాజేశ్వరప్రసాదం గారు ఆయన్ను మొదటిసారి చూసినట్టు చూశారు. కుర్చీలో ముందుకు వంగారు. "జగన్నాయకులు గారూ! ఇన్నేళ్ళలో మీ నోట విన్న మొదటి మంచి మాట ఇది. సస్పెన్షనులో ఉన్నవారు డ్యూటీలో కనపడరాదు గదా, మరి రాయినెలా?"

"సున్నంతో కప్పించవచ్చండీ."

"భేష్. ఎంక్వైరీ ఆఫీసరుగా మిమ్మల్నే వేస్తున్నాను. ఎన్నాళ్ళలో తేలుస్తారు?"

"నా సర్వీసులో తేలకపోవచ్చండీ. నా తరవాత వచ్చేవారికి అప్పగిస్తాను."

"సహజమే" అన్నారు అధ్యక్షులవారు. "తేలిన ఎంక్వైరీ నేనింతవరకూ చూడలేదు."

తుమ్మలగుట్ల బావి దగ్గరికి ఆయనే స్వయంగా వెళ్ళాడు. తాపీమేస్త్రి సైదులు సిమెంటు బస్తా విప్పుతున్నాడు. జగన్నాయకులు ఆపించాడు. సిమెంటు అక్షరాన్ని కరిచిపట్టుకుంటే మళ్ళీ వదలదు. మెత్తని సున్నం కలపమన్నాడు. ముందు గంజిలో ముంచిన పల్చటి గుడ్డ తానే అక్షరాల మీద పరిచి, వేళ్ళతో ఒక్కొక్క గాడిలోకీ నొక్కాడు. చివరి వరుస దగ్గర చెయ్యి కాసేపు ఆగింది. ఈ నీళ్ళు తాగినవాళ్ళు అని మొదలయ్యే వరుస అది. చచ్చేంత సిగ్గేసింది ఆయనకు. ఆమె తలచుకోమంది, తాను కప్పెడుతున్నాడు. ఉలికంటే సున్నం నయమని ఎంత సర్దిచెప్పుకున్నా ఏడుపు ఆగలేదు.

కోటిలింగం గట్టుమీది నుంచి, "ఎండినాక స్థాపితం 1970 అని ఎర్రరంగుతో రాయాల!" అని కేకేశాడు.

సైదులు ఒక పూత వేసి, తాపీ కడుక్కోబోయాడు. "సాల్లే సారూ, నున్నగా వచ్చింది. ఇంగేం కనపళ్ళా."

ఉద్యోగమంతా శాసనాల మీది సున్నం గీకిస్తూ బతికిన జగన్నాయకులు రెండు అడుగులు వెనక్కి వేసి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. 'మాచసాని' అన్నచోట గోడ ఇంకా కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నట్టనిపించింది. ఆ మాత్రం కనపడినా మళ్ళీ ఉలి వస్తుంది.

"ఇంకో పూత వెయ్యి సైదులూ. మందంగా వెయ్యి" అన్నాడు.